మెట్టు లేని స్వరం

అన్యాయం ఎవరికి జరిగింది? దామరచర్ల పక్కన ఒక తండాకు చెందిన హారిక అనే ఇరవై నాలుగేళ్ల అమ్మాయికి. ఎట్లా జరిగింది? ఆమె ఏడు నెలలు కష్టపడి తయారు చేసుకున్న ఆరు నిమిషాల పాటను మరొకడు తన పేరు తగిలించుకుని తనదన్నాడు. ఎవడా మరొకడు? నా తమ్ముడు దామోదర్ కొడుకు హరీష్. కథ అన్నాక ఇటువంటివి చివరిదాకా దాచిపెట్టాలంటారు. ముప్పై నాలుగేళ్లు పరీక్ష పేపర్లు దిద్దినదాన్ని నేను. జవాబు పైన ఉండాలి, వివరణ కింద ఉండాలి. అలవాటు మార్చుకునే వయసు దాటిపోయింది.

నా పేరు యాదమ్మ. డెబ్బై మూడేళ్లు. గుంటూరులో సిస్టర్ల దగ్గర చదువుకున్నాను, పియానో వాళ్లే నేర్పారు. తరువాత సూర్యాపేటలో ఒక కాన్వెంటు బడిలో ఇంగ్లీషు, సంగీతం చెప్పాను. ఆ బడి పేరు ఇక్కడ రాయను. ఎందుకంటే ఇందులో బడి తప్పేమీ లేదు. పెళ్లి చేసుకోలేదు. మా నాన్న కట్టించిన ఇంట్లో తూర్పు గది నాది, మిగిలినదంతా తమ్ముడి కుటుంబానిది. ఇది నిరుటి పెళ్లిళ్ల కాలం సంగతి. యాసంగి కోతలు మొదలై, రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్న రోజులు.

కోదాడలో దామోదర్‌కు ఒక ఫంక్షన్ హాలు ఉంది. తెలిసినవారి అమ్మాయికి అక్కడ పసుపు ఫంక్షను. మధ్యాహ్నం పూట హరీష్ వేదిక పక్కన నల్ల గుడ్డ కప్పిన బల్ల వెనుక నిలబడి, ఒక చెవి మీద హెడ్‌ఫోన్ పెట్టుకుని పాటలు వేస్తున్నాడు. మిర్యాలగూడలో వాడికి సౌండు దుకాణం ఉంది. పెళ్లికూతురి మేనమామ గోపయ్యగారు నా పక్క కుర్చీలో కూర్చుని, "ఏవండీ టీచర్‌గారూ, దూది తెప్పించమంటారా చెవుల్లోకి?" అని అడిగారు. అక్కర్లేదన్నాను. నలభై మంది పిల్లలు ఒకేసారి డ్రిల్లు చేసే వరండాలో పాఠాలు చెప్పినదాన్ని.

అప్పుడు ఒక పాట మొదలైంది. నిమిషానికి ఇంచుమించు నూట ఇరవై చొప్పున పడే దరువు. హౌస్ మ్యూజిక్ అంటారట దాన్ని. దరువు కింద రెండే రెండు స్వరాలు. పైన ఒక ఆడమనిషి గొంతు, లంబాడీ పాట. పియానో లెక్కలో చెప్పాలంటే శ్రుతి ‘ఏ’. ఆ గొంతు మూడో స్వరం మీదికి వచ్చి నిలిచింది. అది సి కాదు. సి షార్ప్ కాదు. రెండింటి నడుమ, హార్మోనియం మీద మెట్టు లేని చోట, ఏ మాత్రం వణకకుండా నిలిచింది.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. ఆశ్చర్యం ఆ గొంతు ఒక్కటే కాదు. మామూలుగా ఇటువంటి పాటల కింద మూడు స్వరాలు కలిసి మోగే మేజర్ కార్డో, మైనర్ కార్డో నింపి పెడతారు. ఇక్కడ ఎవరో ఆ మూడో స్వరం చోటును కావాలని ఖాళీగా వదిలారు. కింద ‘ఏ’, ‘ఈ’ అనే రెండు స్వరాలే ఉన్నాయి. పైన పాడే మనిషి తన ఇష్టం వచ్చిన చోట నిలబడేందుకు వీలుగా తప్పుకున్నారు. ఎంత చెవి ఉంటే అంత మర్యాద తెలుస్తుంది! సరిగ్గా ఆ క్షణాన, సరిగ్గా ఆ స్వరం మీద, "డీజే హరీష్! సూర్యాపేట!" అని ఒక కేక పడింది. పాటలోనే కలిపి పెట్టిన కేక.

పాట పూర్తిగా అయిపోయాక, కొంత నిశ్శబ్దం తరువాత, ఒక హారను మోగించి తరువాతి పాట వేశాడు. నేను లేచి బల్ల దగ్గరికి వెళ్లాను.

"ఆ పాట పాడింది ఎవరు?"

"ఏదో తండా పాట అత్తా. నెట్ల దొరికింది. బీటు నేనేసిన. మస్తుంది గద?"

"కింద మూడో స్వరం ఎందుకు తీసేశావు?"

"ఏం తీసేసిన?"

"గాంధారం. బేసులో రెండు స్వరాలే ఉన్నాయి. ఎందుకు?"

వాడు నన్నూ, నా వెనుక నిలబడ్డ అతిథులనూ చూశాడు. "గది స్టైల్ అత్తా, గట్లనే ఉంటది. జర నువ్వు వార్తలు చదివినట్టు మాట్లాడకు, అందరు సూస్తున్నరు."

వాడికి ఏడేళ్లప్పుడు రెండు సంవత్సరాలు హార్మోనియం నేర్పాను. మేజరుకూ మైనరుకూ తేడా వాడి చెవికి ఎన్నడూ అందలేదు. చెవి లేకపోవడం నేరం కాదు, అందుకే అప్పుడు కొట్టలేదు. కానీ తాను వినలేని స్వరం కోసం వాడు చోటు ఎట్లా వదిలాడు? వదలలేదు. మరెవరో వదిలారు. కోదాడ నుంచి సూర్యాపేట వచ్చేదాకా కారులో ఆ రెండు స్వరాలనే మోకాలి మీద వేళ్లతో వాయించుకుంటూ కూర్చున్నాను. దామోదర్, "ఒంట్లో బాగ లేదా అక్కా?" అని రెండుసార్లు అడిగాడు.

నాలుగో నాడు పొద్దున ఒక అమ్మాయి స్కూటీ మీద వచ్చింది. హెల్మెట్ తీసి చంకన పెట్టుకుని గేటు లోపలికి వచ్చి నిలబడింది. దామోదర్ వరండాలో పేపరు చదువుతున్నాడు. నేను కిటికీ దగ్గర మందులు వేసుకుంటున్నాను.

"హరీషన్న ఉన్నడా సార్?"

"ఎవలమ్మా నువ్వు?"

"హారిక. మిర్యాలగూడల అన్న దగ్గర ఏడాది పనిజేసిన."

హరీష్ తువ్వాలుతో తల తుడుచుకుంటూ బయటికి వచ్చాడు. "ఏం హారికా, ఇంటిదాంక వచ్చినవ్? ఫోన్ జేస్తె అయిపోవు గద."

"చేసిన అన్న. పదిహేడు సార్లు."

"బిజీ ఉన్న."

"నా పాట వాయించుకుంట బిజీ ఉన్నవ్."

"నీ పాట ఏంది? నా ల్యాప్‌టాప్‌ల చేసినవ్. నా కిరాయి రూముల, నా కరెంటుల, నా మైకుల చేసినవ్. ఇగ పాట ఎవలదైతది?"

"మా అమ్మ గొంతు గూడ నీ రూముల్నే పుట్టిందా అన్న?"

దామోదర్ పేపరు మడిచాడు. గొంతు పెంచకుండా, పంచాయితీలలో పెద్దమనిషిగా కూర్చునేటప్పటి గొంతుతో అడిగాడు. "ఏమన్న రుజువున్నదా బిడ్డా?"

"ఉండె సార్. చేసిన పనంత ఆ ల్యాప్‌టాప్‌ల ఉండె. పాస్‌వర్డ్ మార్చిండు. ఇప్పుడు పాట ఆయన దగ్గర ఉన్నది, నా దగ్గర ఉన్నది. వినేటోళ్లకు రెండూ ఒక్కటే." ఆమె హరీష్ వైపు తిరిగింది. "ఈ నెలాఖరు ఆదివారం సూర్యాపేటల డీజేల సెలెక్షన్‌ల ఆ పాటనే ఏస్తున్నవట. సెలెక్ట్ అయితే హైదరాబాద్ కంపెనీ నీ పేరు మీద రిలీజ్ చేస్తది. ఆనాటి సంది నా పాట నేను ఏసుకుంటె నేనే దొంగనైత. నీ పేరు దీసెయ్ అన్న. పైసలేం అడుగుత లేను. పేరు దియ్."

"దియ్య. ఏం జేస్తవ్?"

ఆమె కళ్లలో నీళ్లు రాలేదు. హెల్మెట్ పెట్టుకుంది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా గేటు దాకా వెళ్లాను.

"అమ్మాయీ, కింద ఏ, ఈ మాత్రమే ఉంచింది నువ్వేనా?"

ఆమె బండి తాళం తిప్పబోయి ఆగింది. ఎగాదిగా చూసింది. "అవును మేడం. మూడోది పెడితె మా అమ్మ తప్పు పాడినట్టు వినిపిస్తది. తీసేస్తె కరెక్ట్ వినిపిస్తది. అందుకని తీసేసిన."

"మీ అమ్మ పేరు?"

"లక్ష్మి. ఈ సూర్యాపేటల్నే కాన్వెంటు బడి హాస్టల్ల ఉండి నాలుగు నెలలు సదివిందట, చిన్నప్పుడు."

ఆమె వెళ్లిపోయింది. నేను లోపలికి వచ్చి మిగిలిన మందు బిళ్ల వేసుకున్నాను.

ఆ బడిలో సంగీతం చెప్పింది నేను. 1984 డిసెంబరులో క్రిస్మస్ కార్యక్రమానికి ముప్పై మంది పిల్లలతో బృందగానం తయారు చేస్తున్నాను. కొత్తగా చేరిన ఒక తండా పిల్ల, పది పదకొండేళ్లు ఉంటాయి, మూడో స్వరం ఎప్పుడూ ఒకే చోట తప్పుతోంది. లేపి నిలబెట్టాను. హార్మోనియం మీద సి వాయించి పాడమన్నాను. తరువాత సి షార్ప్ వాయించి పాడమన్నాను. అందరి ఎదుటా ఏడుసార్లు పాడించాను. ఏడుసార్లూ అదే చోట, ఆ నడిమి చోట పాడింది. శ్రుతి రానివాళ్లు ఏడుసార్లు ఒకే చోట తప్పరు. ఈ సంగతి నాకు ఆనాడే తట్టవలసింది. "నీకు శ్రుతి లేదు. బయట నిలబడు" అన్నాను. పిల్లలు నవ్వారు. నేను ఆపలేదు. క్రిస్మస్ సెలవుల తరువాత లక్ష్మి తిరిగి రాలేదు. హాజరు పట్టీలో ఆమె పేరు ఎదుట కొన్నాళ్లు గీతలు పెట్టి, ఆపైన పేరే రాయడం మానేశాను. ఎందుకు రాలేదని ఎవరినీ అడగలేదు.

రెండు రోజుల తరువాత బస్సులో మిర్యాలగూడ వెళ్లాను. రైసుమిల్లుల వెనుక సందులో హారిక గది. కిటికీ చువ్వల మీద సన్నగా తౌడు పొడి పట్టి ఉంది. బల్ల మీద రెండు పళ్లేల వంటి చక్రాలున్న ఒక పెట్టె ఉంది, ఎవరిదో అరువు తెచ్చుకుందట. నన్ను చూసి మొదట తలుపు సగమే తీసింది.

"హరీషన్న పంపిండా?"

"నన్ను ఎవరూ ఎక్కడికీ పంపలేరు. నువ్వు చేసే పని ఏమిటో నాకు మొదటి నుంచి చెప్పు. తెలియని విషయం మీద నేను సాక్ష్యం చెప్పను."

ఆమె నవ్వి తలుపు పూర్తిగా తీసింది. హెడ్‌ఫోను నా చెవి మీద పెట్టింది.

"ఈ చెవుల రాబోయే పాట, ఆ చెవుల నడుస్తున్న పాట. రెండింటి అడుగులు ఒక్కతీరుగ పడాలె. ఒకటి ముందుకురికితె జర ఆపాలె, ఎనకపడితె జర తొయ్యాలె. కలిసినయనుకో, అప్పుడు మెల్లగ ఒకటి దించి ఒకటి లేపాలె. వినేటోడికి పాట మారినట్టె తెల్వద్దు."

"నీ చేతి దగ్గర వెలుగుతున్న ఆ మీట ఏమిటి?"

"సింక్. అది నొక్కితె మిషనే కలుపుతది. హరీషన్నకు ఆ ఒక్కటే వచ్చు. అట్ల నొక్కితె తప్పేం లేదు మేడం, అందరు నొక్కుతరు. గని మా అమ్మ పాటకు పనికిరాదు."

"ఎందుకు?"

"మా అమ్మ గడియారం చూసి పాడది గద. మా దాంట్ల ఆడోళ్లు చుట్టు తిరుగుకుంట, చప్పట్లు కొట్టుకుంట పాడ్తరు. తిరిగినకొద్ది ఊపు పెరుగుతది. మొదలు నూట పద్దెనిమిదిల ఉంటది, ఆఖరుకు నూట ఇరవై నాలుగైతది. అందరు ఏం జేస్తరంటె గొంతును కోసి, గుంజి బీటు మీద కూసోబెడతరు. నేను గుంజలే. ఒక్కొక్క దరువు జరిపి జరిపి మా అమ్మ ఎనక నడిపిచ్చిన. ఏడు నెలలు అందుకే పట్టింది."

"శ్రుతి సంగతి?"

"సాఫ్ట్‌వేర్ ప్రతి పాటకు ఒక నంబరిస్తది. పక్కపక్క నంబర్ల పాటలైతె ఒక దాంట్లకెల్లి ఇంకో దాంట్లకు పోతె చెవికి ఎబ్బెట్టుండది. మా అమ్మ పాటకు ఒకసారి ఎనిమిది ఏ అంటది, ఒకసారి పదకొండు బీ అంటది."

"ఒకటి ఏ మైనర్. ఇంకొకటి ఏ మేజర్."

"ఆఁ! మిషన్ పరేషాన్ అయితది మేడం. దానికి గూడ సమజ్ కాలే."

దానికంటే ముందు సమజు కానిది ఎవరికో నేను అప్పుడు చెప్పలేదు. నన్ను కూడా ప్రయత్నించమంది. రెండు పాటలను కలపబోయాను. గుర్రం రాళ్ల మీద పరుగెత్తినట్టు చప్పుడు వచ్చింది.

"మీరు మస్తు గట్టిగ తోస్తున్నరు మేడం. బడిల పిల్లలను గూడ గిట్లనే తోసిండ్రా?"

"అవును" అన్నాను.

ఆమె నవ్వు ఆపి నా ముఖం చూసింది. నేను విషయానికి వచ్చాను. రికార్డు ఎవరి దగ్గరైనా ఉండవచ్చు, గొంతు ఉన్న మనిషి ఒక్కతే. సెలెక్షన్ నాడు లక్ష్మి వచ్చి అందరి ఎదుటా పాడితే, ఆ గొంతు వెనుక దరువు నడిపించగలిగిన వాళ్లదే పాట అని తేలిపోతుంది.

"పాడది మేడం. తండాల పాడతది, పొలంల పాడతది. సూర్యాపేట పేరు చెప్తె నోరు తెర్వది. ఎందుకో నాకు గూడ చెప్పది."

"నాకు తెలుసు" అన్నాను. "రేపు నన్ను అక్కడికి తీసుకుపో."

తండా ముందర సిమెంటు రోడ్డు మీద వడ్లు ఆరబోసి ఉన్నాయి. వాటి వెనుక దూరాన కరెంటు ప్లాంటు గొట్టాలు. లక్ష్మి పాదాలతో వడ్లు కలదొక్కుతూ ఆ చివరి నుంచి ఈ చివరికి వస్తోంది. యాభై దాటిన మనిషి. నన్ను చూసింది. నడక మారలేదు.

"లక్ష్మీ, నన్ను గుర్తుపట్టావా?"

"నిన్ను మరుస్తనా టీచర్? జర నిలబడు. ఈ సాలు తిప్పొస్త."

ఏప్రిల్ ఎండ. ఆమె భర్త హీరాలాల్ లోపలి నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చాడు. "పెద్ద మనిషి, ఎండల..."

"కుర్సీ ఒద్దు. నిలబడనీ."

అతడు కుర్చీ పట్టుకుని అట్లాగే నిలబడిపోయాడు. ఆమె ఒక సాలు కాదు, నాలుగు సాళ్లు తిప్పింది. నేను నిలబడ్డాను. హారిక ఒకసారి తల్లినీ ఒకసారి నన్నూ చూసింది. చివరికి లక్ష్మి వచ్చి కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఎందుకొచ్చినవ్?"

"ఆనాడు తప్పు నాది. నువ్వు సరిగ్గానే పాడావు. నన్ను మన్నించు."

"ఎప్పుడు తెలిసింది, సరిగ్గ పాడిన అని?"

"పోయిన వారం."

ఆమె నవ్వింది, కానీ అది నాకోసం నవ్విన నవ్వు కాదు. "సూసినవా హీరాలాల్? పోయిన వారమట." మళ్లీ నా వైపు తిరిగింది. "మా అమ్మ, మా యాడి, గట్లనే పాడేది, ఆమెకు వాళ్లమ్మ నేర్పింది. నువ్వు ఆనాడు నన్నొక్కదాన్ని తప్పన్లే టీచర్. ఇంటికొచ్చి యాడి పాడితె, ఈమెకు గూడ శ్రుతి లేదు అనుకున్న. ఎన్నేండ్లు అనుకున్ననో తెల్సా? ఈ పోరి పుట్టి, ఇది లాలిపాట వినుకుంట నిద్రపోయేదాంక అనుకున్న."

ఆమె పాదాలకు అంటుకున్న వడ్లగింజలు దులుపుకుంది.

"మన్నించు అంటున్నవ్. గీడ ఎవలున్నరు? నువ్వు, నేను, మా ఆయన, వడ్లు. ఆనాడు ముప్పై మంది ఉండిరి. మొత్తం సూర్యాపేట నవ్వినట్టనిపించింది నాకు. ఆ బాకీ గీడ తీరది. సూర్యాపేటల తీర్సాలె. మైకుల, మీవోళ్ల ముందట."

"తీరుస్తాను. అప్పుడు పాడతావా?"

"అది నా ఇష్టం. బాకీ తీర్సుకుంట గూడ షరతు వెడతవా?"

పెట్టనని చెప్పాను. అప్పుడు కుర్చీ వేయమంది.

ఇంటికి వచ్చి, ఆ సాయంత్రం భోజనాల బల్ల దగ్గర, నేను చేయబోయేది దామోదర్‌కూ హరీష్‌కూ ముందే చెప్పాను. చాటుగా వెళ్లి బయట పెట్టే అలవాటు నాకు లేదు. దామోదర్ చేతిలోని ముద్ద కంచంలో పెట్టేశాడు.

"అక్కా, నువ్వు మా ఇంటి మనిషివా, వాళ్ల మనిషివా?"

"నేను సాక్షిని."

"ఎవలో లంబాడి పిల్ల కోసం మేనల్లుని ముఖం మీద ఉమ్మేస్తవా? ఆడ మన సుట్టాలుంటరు, హాలు ఓనర్లుంటరు. రేపు నేనెట్ల తిర్గాలె?"

"ఎవరో కాదు. పాట ఆమెది. ఆదివారంలోగా వీడు తన పేరు తీసేస్తే నేను వీడి గురించి ఒక్క మాట కూడా మాట్లాడను. నా తప్పు వరకు నేను చెప్పుకుని దిగిపోతాను."

హరీష్ కంచం ముందుకు నెట్టాడు. "అత్తా, నువ్వు పుట్టినకాడికెల్లి తప్పులే ఏరుతున్నవ్. నేను ఇంట్ల ఒక్కసారన్న శభాష్ అనిపించుకున్ననా నీ తోని?"

అది నిజమే. ఆ మాట నాకు గుచ్చుకుంది. "అనలేదు. అది నా లోపం. ఆ లోపానికి పరిహారంగా హారిక పాటను నీకు ఇవ్వలేను."

"గట్లయితె ఈ ఇంట్ల ఉండుడు కష్టమైతది అక్కా" అన్నాడు దామోదర్, నా వైపు చూడకుండా.

"నేను ఎక్కడికీ పోను. తూర్పు గది నాన్న నాకు రాసిచ్చాడు. తప్పు చేసినవాడు ఇంట్లో తలెత్తుకుని తిరుగుతుంటే, చెప్పినదాన్ని నేనెందుకు మూట సర్దుకోవాలి?"

మరునాడు పొద్దున గ్యాసు పొయ్యి ఒకటి కొని తెచ్చుకున్నాను. ఆనాటి నుంచి మా ఇంట్లో రెండు వంటలు. నేను వండే చారు బాగుండదు. అయినా తింటున్నాను.

హరీష్ పేరు తీయలేదు. ఆదివారం పదకొండు గంటలకు సూర్యాపేటలో హైవే పక్కనున్న హాలు నిండింది. సౌండు వాళ్లు, హాళ్ల యజమానులు, వాళ్ల కుటుంబాలు, కాలేజీ పిల్లలు. ఎంపిక చేయడానికి హైదరాబాదు కంపెనీ నుంచి సంపత్ అనే ఆయన వచ్చాడు. నలభై ఏళ్లు ఉంటాయి, తక్కువ మాట్లాడే మనిషి. దామోదర్ ముందు వరుసలో కూర్చున్నాడు. వెనుక గోడ పక్కన హారిక, హీరాలాల్. వాళ్ల నడుమ లక్ష్మి, తల నిండా కొంగు కప్పుకుని.

ఆరో పేరు హరీష్‌ది. పాట వేశాడు. ఆరు నిమిషాలు. చప్పట్లు పడ్డాయి. సంపత్ కాగితం మీద ఏదో రాసుకుంటుండగా నేను లేచి వేదిక ఎక్కి, ప్రకటనలు చేసే కుర్రవాడి చేతిలోంచి మైకు తీసుకున్నాను. తెల్లజుట్టు ముసలమ్మ అడిగితే ఎవరూ కాదనరు. ఈ వయసుకు అదొక్కటే లాభం.

"నా పేరు యాదమ్మ. ఇప్పుడు పాట వేసినవాడు నా మేనల్లుడు. ఆ పాట వాడిది కాదు. దాన్ని తయారు చేసింది హారిక. పాడింది ఆమె తల్లి లక్ష్మి. ఇద్దరూ ఈ హాలులోనే ఉన్నారు."

గోల మొదలైంది. దామోదర్ లేచి నిలబడ్డాడు. "అక్కా, దిగు!"

"ఇంకా ఉంది" అన్నాను. "ఇది ఇంతకంటే పాతది. 1984లో, ఈ ఊళ్లో, పదేళ్ల లక్ష్మిని ముప్పై మంది పిల్లల ఎదుట నిలబెట్టి, నీకు శ్రుతి లేదన్నాను. బయట నిలబెట్టాను. ఆమె చదువు అక్కడితో ఆగిపోయింది. ఆమెకు శ్రుతి ఉంది. ఆమె పాడిన స్వరానికి నా హార్మోనియం మీద మెట్టు లేదు, అంతే. మెట్టు లేకపోతే స్వరమే తప్పనుకున్నాను. తప్పు ఆమెది కాదు, ఆమె తల్లిది కాదు, ఆ తల్లి తల్లిది కాదు. నాది. సంగీతం టీచరునై ఉండి వినలేకపోయాను. ఈ మాట చెప్పడానికి నలభై ఏళ్లు ఆలస్యం చేశాను."

మైకు తిరిగి ఇచ్చాను. వెనుక గోడ వైపు చూడకూడదనుకున్నాను. పాడడమో మానడమో ఆమె ఇష్టం.

సంపత్ కలం మూసి, "ఆరోపణ ఎవరైనా చేస్తరమ్మా. నేను దేన్ని పట్టుకుని నమ్మాలె?" అన్నాడు.

జవాబు నడిచి వచ్చింది. వరుసల నడుమ నుంచి, తొందర లేకుండా. లక్ష్మి వేదిక మెట్లెక్కి, కొంగు వెనక్కి తోసి, మైకు అందుకుంది.

"నేను పాడత. బీటు ఎవలు పెడతరో పెట్టుండ్రి."

సంపత్ హరీష్ వైపు చూశాడు. "మీ పాటే గద. పెట్టండి."

లక్ష్మి ఒక చేతిని తొడ మీద తట్టుకుంటూ మొదలుపెట్టింది. హరీష్ నూట ఇరవైలో ఒక దరువు తెచ్చాడు. కింద ఏ మైనర్ కార్డు. ఆమె మూడో స్వరం మీదికి రాగానే ఆ కార్డూ ఆ గొంతూ ఒకదానినొకటి కోసుకున్నాయి. వాడి వేలు సింక్ మీటను నొక్కింది. మళ్లీ నొక్కింది. మనిషి గొంతుతో జత కట్టడానికి ఆ మీటకు ఏ దారీ లేదు. ఊపు పెరిగింది. ఆమె చేయి ఒక చోట, వాడి దరువు ఒక చోట. లక్ష్మి ఆగింది.

"నా ఎనక రా బిడ్డా. నన్ను గుంజకు."

కోపం లేకుండానే అంది. హరీష్ హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, వాడంతట వాడే పక్కకు జరిగాడు. వాడి ముఖంలో ఎన్నడూ లేనిదొకటి కనబడింది. ఓడిపోయినందుకు సిగ్గు ఉంది. దానితోపాటు, మొదటిసారి ఆ తేడా చెవికి అందినవాడి తికమక కూడా ఉందని నాకు అనిపించింది.

హారిక వచ్చి నిలబడింది. తల్లి మళ్లీ మొదటి నుంచి అందుకుంది. హారిక ఒక చరణం దాకా ఏమీ వేయలేదు, వింటూ నిలబడింది. తరువాత, ఆమె చేయి తొడ మీద పడే చోటే, దరువు వచ్చి కలిసింది. కింద ఏ, ఈ రెండే. వేగం సర్దే మీట మీద ఆమె వేలు క్షణక్షణం వెంట్రుకవాసి జరుగుతూనే ఉంది. తల్లి ఊపు పెంచితే దరువు పెరిగింది. తల్లి ఊపిరి కోసం ఆగితే అది ఆగింది. ఆ నడిమి స్వరం ఖాళీ చోట వచ్చి నిలిచినప్పుడు హాలులో ఎవరూ నవ్వలేదు. కాలేజీ పిల్లలు లేచి చప్పట్లతో తాళం అందుకున్నారు. ఆ చప్పట్లు కూడా ఆమె వెనుకే నడిచాయి.

పాట ముగిశాక సంపత్ కాగితం మీద ఒక పేరు కొట్టేసి, రెండు పేర్లు రాసి, బయటికి చదివాడు. హారిక. లక్ష్మి. దామోదర్ అప్పటికే వెళ్లిపోయాడు. అతని కుర్చీ ఖాళీగా ఉంది.

లక్ష్మి వేదిక దిగి నా కుర్చీ ముందు ఆగింది. నేను లేవబోయాను. భుజం మీద చేయి వేసి కూర్చోబెట్టింది. నలభై ఏళ్లు పొలం పని చేసిన చేయి, బరువుగా ఉంది.

"ముట్టింది టీచర్" అంది.

"మొత్తమా?"

ఆమె కొంచెం ఆలోచించింది. ఊరికే మాట వరసకు అనే మనిషి కాదు.

"మొత్తం ముట్టింది."